వారంటీ దాటిన యూరోపియన్ కారును కొనడం, మేపడం ఎలా

బీఎండబ్ల్యూ, ఆడి, మెర్సిడెస్, ఫోక్స్‌వాగన్, వోల్వో... కొత్తగా ఉన్నప్పుడు అందనంత ఎత్తులో ఉన్న బండ్లు ఏడెనిమిదేళ్లు తిరిగేసరికి మామూలు చిన్న కారు ధరకు అమ్మకానికి వస్తాయి. చాలామంది లెక్క అక్కడే తప్పుతుంది. బండి ధర పడింది కానీ దాని స్పేర్ పార్టుల ధర పడలేదు. గేర్‌బాక్స్, టర్బో, హెడ్‌ల్యాంప్ కొత్త బండికి ఎంతో పాత బండికీ అంతే. చిన్న కారు ధరకు దొరికినా దాన్ని నడిపే ఖర్చు మాత్రం పెద్ద కారుదే.

అలాగని ఇవన్నీ షెడ్డులోనే పడి ఉంటాయనే మాటా నిజం కాదు. ఈ బండ్లలో ఏది ఎప్పుడు పోతుందో చాలావరకు ముందే తెలుసు. ఆ జాబితా చేతిలో ఉన్నవాడికి అది ఏడాదికింత అని లెక్కకొచ్చే ఖర్చు. లేనివాడికి రోడ్డు మీద ఆగిపోయి టో ట్రక్కు కోసం ఎదురుచూడటం. కొనేముందు ఒక వారం, కొన్నాక ఒక నెల ఓపిక పడితే ఆ జాబితా మీ చేతికొస్తుంది.

1. బ్యాడ్జ్ పక్కన పెట్టి ఇంజన్ కోడ్, గేర్‌బాక్స్ కోడ్ కనుక్కోండి

"బీఎండబ్ల్యూ నమ్మవచ్చా?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఒకే మోడల్‌లో ఒక ఇంజన్ లక్షల కిలోమీటర్లు సాఫీగా తిరుగుతుంది, ఇంకొకటి లక్ష దాటకముందే చెయ్యిస్తుంది. అందుకే అమ్మే మనిషిని ముందుగా 17 అక్షరాల వీఐఎన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య, ఛాసిస్ నంబర్) అడగండి. దాన్ని వీఐఎన్ డీకోడర్‌లో గానీ, స్పేర్ పార్టుల కేటలాగ్‌లో గానీ వేస్తే ఇంజన్ కోడ్, గేర్‌బాక్స్ రకం, తయారైన నెల బయటికొస్తాయి. నంబర్ ఇవ్వడానికి నసిగే అమ్మకందారుతో బేరం అక్కడే ఆపేయవచ్చు.

కోడ్ దొరికాక దానికున్న చెడ్డపేరు వెతకండి. బాగా తెలిసినవి కొన్ని చెబుతాను.

బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ 2007లో వచ్చింది. తొలి ఏళ్ల ఇంజన్లలో టైమింగ్ చైన్ (వాల్వులను సమయానికి తెరిచి మూయించే గొలుసు) అరిగి తెగిన కేసులు చాలా ఉన్నాయి. అసలు చిక్కు చైన్ ఉన్న చోటుతో. అది ఇంజన్ ముందు కాకుండా వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. పార్టు పెద్ద ఖరీదేమీ కాదు, దాన్ని చేరుకోవడానికి గేర్‌బాక్స్ దించడమో, ఇంజన్ బయటికి తీయడమో చేయాలి. బిల్లులో ఎక్కువ భాగం కూలీయే.

ఫోక్స్‌వాగన్, ఆడి, స్కోడాలు పంచుకునే ఈఏ888 పెట్రోల్ ఇంజన్ రెండో తరంలో పిస్టన్ రింగుల డిజైన్ వల్ల ఆయిల్ తాగే గుణం ఉంది. చైన్ టెన్షనర్ (చైన్‌ను బిగుతుగా ఉంచే భాగం) మీద కూడా ఫిర్యాదులున్నాయి. మూడో తరంలో ఆ రెండూ చాలావరకు సర్దుకున్నాయి కానీ ప్లాస్టిక్ వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ నుంచి కూలెంట్ కారడం మొదలైంది. అదే కంపెనీల ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే గేర్‌బాక్స్), అంటే డీక్యూ200, మెకాట్రానిక్ యూనిట్ (గేర్లు మార్పించే కంప్యూటర్, వాల్వుల భాగం) విషయంలో పేరు పోగొట్టుకుంది. 2013లో ఈ గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడానికే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోశారు. దీని అన్నలాంటి ఆరు గేర్ల డీక్యూ250 ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్‌ది. ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చినంత కాలం అది గొడవ పెట్టేది తక్కువ. రెంటినీ కలిపి "డీఎస్‌జీ మంచిది కాదు" అనేయడం అన్యాయం.

ప్యూజో, సిట్రోయెన్‌లలో వచ్చే 1.2 ప్యూర్‌టెక్ పెట్రోల్ ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తిరుగుతుంది. పెట్రోల్ కలిసిన ఆయిల్‌కు రబ్బరు ఉబ్బి, పొరలుగా ఊడి, ఆ ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. బ్రేకు వాక్యూమ్ పంపుకు కూడా తగులుతాయి. ఆయిల్ మూత తీస్తే లోపల బెల్టు కనిపిస్తుంది. దాని వెడల్పు కొలిచి ఉబ్బిందో లేదో చెప్పే చిన్న గేజ్ ఒకటుంది, మెకానిక్‌ను దానితో కొలవమనండి. 2024లో ఈ బ్రాండ్ల యజమాని స్టెల్లాంటిస్ ఈ సమస్యకు వారంటీని 10 ఏళ్లు లేదా 1,75,000 కిలోమీటర్లకు పెంచింది. అయితే సర్వీసులు సమయానికి చేయించిన రుజువు అడుగుతారు. మెర్సిడెస్ ఎం272 వీ6లో 2006 ప్రాంతం వరకు వచ్చిన బండ్లకు బ్యాలెన్స్ షాఫ్ట్ (ఇంజన్ వణుకు తగ్గించే కడ్డీ) పళ్లు ముందే అరిగిపోయేవి.

మరోవైపు బీఎండబ్ల్యూ బీ58, పాత ఫోక్స్‌వాగన్ 1.9 టీడీఐ, వోల్వో ఐదు సిలిండర్ల డీజిల్ లాంటివి మంచిపేరు తెచ్చుకున్నవి. బండి రంగు, సీట్ల కంటే ఇవి మీ డబ్బును ఎక్కువ కాపాడతాయి.

2. చల్లటి ఇంజన్‌ను చూడండి, విక్రేత వేడి చేసిన ఇంజన్‌ను కాదు

వెళ్లేముందే "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దు" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మర్యాదగా ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

చల్లగా ఉంటే స్టార్ట్ చేయడం వాళ్లకే వదిలి, మీరు బానెట్ ఎత్తి ఇంజన్ శబ్దం వినండి. మొదటి రెండు మూడు సెకన్లే కీలకం. డబ్బాలో గులకరాళ్లు కదిలినట్టు గలగల వినిపించి ఆగిపోతే చైన్ టెన్షనర్‌కు ఆయిల్ ఒత్తిడి ఆలస్యంగా అందుతోందన్నమాట. కొద్దిసేపయ్యాక, ఐడిల్‌లో ఉండగానే ఆయిల్ మూత తిప్పి చూడండి. బలంగా లోపలికి పీల్చుకుని అసలు ఊడి రాకపోతే, లేదా ఈల వేసినట్టు శబ్దం వస్తుంటే ఇంజన్ లోపలి ఆవిర్లు వదిలే క్రాంక్‌కేస్ వెంటిలేషన్ వాల్వ్ డయాఫ్రమ్ చిరిగి ఉండే అవకాశం ఎక్కువ. ఇది చిన్న రిపేరే. బేరానికి మాత్రం బాగా పనికొస్తుంది.

కూలెంట్ ట్యాంకు చుట్టూ, పైపుల కీళ్ల దగ్గర ఎండిన తెల్లటి లేదా గులాబీ రంగు పొర ఉందేమో టార్చ్ వేసి చూడండి. ట్యాంకు నిండుగా ఉండటం రుజువు కాదు, ఆ ఉదయమే పోసి ఉండవచ్చు. ఇంజన్ వెనక భాగంలో, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ కింద తడి ఉంటే గ్యాస్కెట్లు గట్టిపడ్డాయని అర్థం. బీఎండబ్ల్యూల్లో ఇది దాదాపు వయసుతో వచ్చే జబ్బే. భయపడక్కర్లేదు, ధరలో తగ్గించుకోండి.

టెస్ట్ డ్రైవ్‌లో వేగం కంటే నత్తనడక ముఖ్యం. ట్రాఫిక్‌లో పాకినట్టు నడిపి, ఆపి, మళ్లీ కదపండి. మొదటి గేరు, రెండో గేరు మధ్య వణుకు, కుదుపు ఉంటే క్లచ్ గానీ మెకాట్రానిక్ గానీ రిపేరు అడుగుతోందన్నమాట. స్టీరింగ్ పూర్తిగా తిప్పి గతుకుల మీద పోనివ్వండి. టక్ టక్ మంటే సస్పెన్షన్ ఆర్ముల బుష్‌లు. గాలి సస్పెన్షన్ ఉన్న బండైతే రాత్రంతా నిలిపి ఉంచి పొద్దున ఏ మూల కుంగిందో చూడాలి. లీకయ్యే గాలి సంచిని నింపుతూ నింపుతూ కంప్రెసర్ కూడా కాలిపోతుంది, ఒక ఖర్చు రెండవుతుంది.

ఇంకొక్కటి. సన్‌రూఫ్ ఉంటే కార్పెట్ కింద వేళ్లు పెట్టి తడి ఉందేమో చూడండి. రూఫ్ డ్రెయిన్ గొట్టాలు చెత్తతో మూసుకుపోతే నీళ్లు కార్పెట్ కిందకు దిగి, అక్కడుండే ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లను పాడు చేస్తాయి. వానకు తడిసిన మాడ్యూల్ వెతికి పట్టుకోవడమంత టెన్షన్ మెకానిక్‌కు మరొకటి ఉండదు.

3. స్కానర్ పెట్టకుండా డబ్బు చెల్లించకండి

పదేళ్ల కిందటి యూరోపియన్ బండిలో కూడా పదుల సంఖ్యలో కంట్రోల్ యూనిట్లు (చిన్న కంప్యూటర్లు) ఉంటాయి. మామూలు ఓబీడీ రీడర్ (లోపాల కోడ్‌లు చదివే చిన్న పరికరం) ఇంజన్ లోపాలు మాత్రమే చదువుతుంది. గేర్‌బాక్స్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, గాలి సస్పెన్షన్ దానికి కనబడవు. ఫోక్స్‌వాగన్ గ్రూపు బండ్లకు వీసీడీఎస్ లేదా ఓబీడీఎలెవన్, బీఎండబ్ల్యూకు ఇస్టా, మెర్సిడెస్‌కు జెంట్రీ స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి.

లోపాలు ఏమీ లేవని వస్తే సంతోషించేముందు రెడీనెస్ మానిటర్లు (బండి తనకు తాను చేసుకునే పరీక్షలు) చూడమనండి. అవి పూర్తి కాలేదని చూపిస్తే కోడ్‌లను ఈమధ్యే ఎవరో చెరిపేశారనో, బ్యాటరీ తీశారనో అర్థం. కిలోమీటర్లు కూడా మీటరులో ఒక్కచోటే ఉండవు, వేర్వేరు మాడ్యూళ్లలో నమోదై ఉంటాయి. మీటరులో 70,000 ఉండి, గేర్‌బాక్స్‌లో నమోదైన పాత లోపం పక్కన 1,30,000 కనబడిందంటే మాట్లాడటానికేమీ లేదు.

డీజిల్ అయితే డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) పేరుకున్న మసి ఎంతో, బూడిద ఎంతో విడివిడిగా చూడాలి. మసి కాలిపోతుంది, బూడిద కాలదు. బూడిద నిండిన ఫిల్టర్‌ను విప్పి శుభ్రం చేయించాలి, లేదా మార్చాలి. మీరు రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరుగుతారా? అయితే ఈ తతంగమంతా వద్దు, పెట్రోల్ బండి చూసుకోండి. చిన్న ప్రయాణాల్లో డీపీఎఫ్ తనను తాను శుభ్రం చేసుకునేంత వేడెక్కదు.

4. కొనేముందే ఐదు కొటేషన్లు తెచ్చుకోండి

ఈ పని దాదాపు ఎవరూ చేయరు. నా దృష్టిలో మొత్తం గైడ్‌లో డబ్బు మిగిల్చేది ఇదే. మీరు నమ్మే మెకానిక్‌కు వీఐఎన్ ఇచ్చి వీటి ధరలు రాయించుకోండి: నాలుగు చక్రాలకూ డిస్కులు, ప్యాడ్లు; గేర్‌బాక్స్ ఆయిల్ మార్పు; వాటర్ పంపు, థర్మోస్టాట్, ఉంటే టైమింగ్ బెల్టు కూడా; ముందు సస్పెన్షన్ ఆర్ములు; నాలుగు టైర్లు.

డిస్కులు ఎందుకంటే, యూరోపియన్ బండ్లలో డిస్కు ప్యాడుతో పాటు అరిగేలా తయారవుతుంది. రెండు జతల ప్యాడ్లు అయ్యేసరికి డిస్కూ అయిపోతుంది. అంచున వేలు పెడితే గట్టు తగులుతుంది, కనీస మందం ఎంతో డిస్కు మీదే అచ్చువేసి ఉంటుంది.

ఇప్పుడు ఆ ఐదింటి మొత్తాన్ని, అవి అరిగే కాలంతో భాగించండి. 60,000 కిలోమీటర్లకు వచ్చే పని, మీరు ఏడాదికి 12,000 తిరుగుతారు అనుకుంటే, దాని ఖర్చులో ఐదో వంతు ఏటా పక్కన పెట్టాలి. అన్నీ కూడితే వచ్చేది మీ బండి అసలు వార్షిక ఖర్చు. ఇంధనం, ఇన్సూరెన్స్ దీనికి అదనం. ఆరో కొటేషన్ ఒకటి అడగండి: ఆ ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో ఉన్న అతిపెద్ద తెలిసిన రోగానికి ఎంతవుతుంది? ఆ మొత్తం ఇవాళ మీ బ్యాంకు ఖాతాలో లేకపోతే ఆ బండి కొనకండి. అప్పుచేసి కొన్న బండికి మళ్లీ అప్పుచేసి రిపేరు చేయించడం మొదలైతే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

5. మొదటి నెలలోనే అన్ని ద్రవాలూ మార్చేయండి

పాత సర్వీస్ పుస్తకంలో ఎన్ని ముద్రలున్నా, బిల్లులు లేకపోతే ఏమీ చేయలేదనే అనుకోండి. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకు ఆయిల్, కూలెంట్, గేర్‌బాక్స్ ఆయిల్, పెట్రోల్ బండైతే స్పార్క్ ప్లగ్గులు. ఆ రోజు మీటరు ఎంతుందో రాసుకోండి. ఇక లెక్క మీ చేతిలో ఉంటుంది.

ఆయిల్ విషయంలో చిక్కదనం చూసి కొనడం సరిపోదు. డబ్బా వెనక కారు కంపెనీ అప్రూవల్ నంబర్ ఉండాలి: ఫోక్స్‌వాగన్‌కు 504.00/507.00 లేదా 502.00, బీఎండబ్ల్యూకు ఎల్ఎల్-01 లేదా ఎల్ఎల్-04, మెర్సిడెస్‌కు 229.5, 229.51 లాంటివి. మీ బండికి ఏది కావాలో మాన్యువల్‌లో ఉంటుంది. డీపీఎఫ్ ఉన్న డీజిల్‌లో బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్ కాకుండా మామూలుది పోస్తే ఫిల్టర్ ముందుగానే నిండిపోతుంది.

గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని షోరూమ్‌లో చెప్పవచ్చు. బీఎండబ్ల్యూ, ఆడి, జాగ్వార్‌ల్లో వాడే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ను తయారు చేసే జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. గేర్‌బాక్స్ చేసినవాడి మాటే వినండి. ఇందులో ఫిల్టర్ ప్లాస్టిక్ ప్యాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి ప్యాన్ మొత్తం మార్చాలి, ఆయిల్ ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర లెవెల్ చూసి నింపాలి. అంచనాగా పోసేవాడి చేతికి ఇవ్వకండి.

6. కంపెనీ చెప్పిన గడువును సగం చేయండి

ఫోక్స్‌వాగన్ లాంగ్‌లైఫ్ పథకంలో ఆయిల్ మార్పు 30,000 కిలోమీటర్లు లేదా రెండేళ్ల దాకా సాగుతుంది. బీఎండబ్ల్యూ కూడా డ్యాష్‌బోర్డులో ఇంచుమించు అంతే చూపిస్తుంది. కొత్త బండికి మొదటి మూడేళ్లు ఖర్చు తక్కువ చూపించడానికి ఇది బాగుంటుంది. బండిని పదేళ్లు ఉంచుకోవాలనుకునేవాడికి పనికిరాదు. 10,000 నుంచి 15,000 కిలోమీటర్లకు, లేదా ఏడాదికి ఒకసారి మార్చండి. చైన్ టెన్షనర్, టర్బో, వాల్వ్ టైమింగ్ యంత్రాంగం, అన్నీ శుభ్రమైన ఆయిల్ మీదే బతుకుతాయి.

బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి. హాల్డెక్స్ రకం ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు) ఉంటే దాని ఆయిల్ మూడేళ్లకోసారి మార్చాలి. అప్పుడే పంపు జల్లెడ కూడా తీసి కడగమనండి. చాలా షెడ్డుల్లో ఆయిల్ మార్చి జల్లెడ వదిలేస్తారు, తర్వాత పంపు పోయిందంటారు. బీఎండబ్ల్యూ ఎన్52, ఎన్55 లాంటి ఇంజన్లలో వాటర్ పంపు కరెంటుతో నడుస్తుంది, పోయేటప్పుడు ముందస్తు కబురు చెప్పదు. లక్ష కిలోమీటర్లు దాటాక థర్మోస్టాట్‌తో కలిపి ముందే మార్చేయడం మంచిది.

డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజన్లలో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వుల మీదుగా పోదు కాబట్టి అక్కడ మసి గట్టిపడుతుంది. ఐడిల్‌లో వణుకు, పొద్దున్నే మిస్‌ఫైర్ మొదలైతే అక్రోటు చిప్పల పొడితో బ్లాస్టింగ్ చేసే పద్ధతి ఉంది. ట్యాంకులో పోసే సీసాలు ఆ వాల్వుల దాకా చేరవు. వాటికి డబ్బు తగలేయకండి.

బ్యాటరీని చిన్నచూపు చూడకండి. జర్మనీ మోటారు సంఘం ఏడీఏసీ ఏటా చేసే లెక్కల్లో బండ్లు ఆగిపోవడానికి మొదటి కారణం బ్యాటరీయే, నలభై శాతానికి పైగా. స్టార్ట్-స్టాప్ ఉన్న బండికి మామూలు బ్యాటరీ కాకుండా ఏజీఎం, ఈఎఫ్‌బీ రకాల్లో కంపెనీ చెప్పినది వేయాలి. బీఎండబ్ల్యూ లాంటి వాటిలో కొత్త బ్యాటరీ వేశాక స్కానర్‌తో రిజిస్టర్ చేయాలి. చేయకపోతే బండి పాత బ్యాటరీయే ఉందనుకుని అలాగే ఛార్జ్ చేస్తుంది, కొత్తది తొందరగా పోతుంది. ఓల్టేజ్ తగ్గినప్పుడు డ్యాష్‌బోర్డు మీద గేర్‌బాక్స్, స్టీరింగ్, ఏబీఎస్ అన్నీ ఒకేసారి వెలిగి గుండె ఆగినంత పని చేస్తాయి. అలా అన్నీ కలిసి వెలిగితే ముందు బ్యాటరీ చూపించండి.

7. మెకానిక్‌ను ప్రశ్నలతో ఎంచుకోండి

వారంటీ అయ్యాక షోరూమ్ సర్వీస్ అన్నింటికీ అక్కర్లేదు. రీకాల్ పనులకు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకు, తాళం చెవులకు అక్కడికి వెళ్లండి. మిగతా పనులకు ఆ ఒక్క బ్రాండే చూసే స్వతంత్ర మెకానిక్ మేలు. అన్ని బండ్లూ చేస్తాననేవాడికంటే, వాకిట్లో మీలాంటి బండ్లు నాలుగు నిలబడి ఉన్నవాడిని నమ్మవచ్చు.

ఒక చిన్న పరీక్ష. ఎన్52 ఇంజన్ బీఎండబ్ల్యూ వాటర్ పంపు మారుస్తున్నప్పుడు "బోల్టులు కొత్తవి వేస్తారా?" అని అడగండి. ఆ ఇంజన్ బ్లాకులో మెగ్నీషియం ఉంటుంది కాబట్టి అల్యూమినియం బోల్టులు వాడారు, అవి ఒక్కసారికే. పాతవే బిగిస్తాననేవాడికి ఆ ఇంజన్ తెలియదు.

పార్టుల్లో కంపెనీ పెట్టెకే డబ్బు పోయనవసరం లేదు. సస్పెన్షన్‌కు లెమ్‌ఫోర్డర్, ఫిల్టర్లకు మాన్, మాలే, బ్రేకులకు ఏటీఈ, టెక్స్టార్, క్లచ్‌కు లుక్, సాక్స్, సెన్సర్లకు బాష్. కారు కంపెనీలకు సరఫరా చేసేది చాలావరకు వీళ్లే. పార్టు నంబర్ సరిపోతే అదే వస్తువు తక్కువకు వస్తుంది. కొన్నిసార్లు పార్టు మీద కారు కంపెనీ లోగో ఉన్న చోట గీకేసి కూడా కనిపిస్తుంది. సెన్సర్లు, వాటర్ పంపుల్లో పేరులేని సరుకు వేయించుకుంటే రెండుసార్లు కూలీ కట్టాల్సి వస్తుంది. పాత బండి నుంచి తీసిన కంట్రోల్ యూనిట్ కొనేముందు అది కోడింగ్‌కు ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి. ఆడి, మెర్సిడెస్‌లలో చాలా యూనిట్లు మొదటి బండికే తాళం వేసుకుని ఉంటాయి.

విప్పే పని ఒకటైనప్పుడు పక్కనున్నవీ చేయించేయండి. టైమింగ్ బెల్టుతో వాటర్ పంపు, క్లచ్‌తో ఫ్లైవీల్, వెనక క్రాంక్ సీల్. ఆల్ వీల్ డ్రైవ్ బండికి టైర్లు ఒకటి రెండు మార్చకుండా నాలుగూ ఒకేసారి మార్చండి. చుట్టుకొలతల్లో తేడా ట్రాన్స్‌ఫర్ కేసును (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే భాగాన్ని) నలిపేస్తుంది.

8. నడిపేటప్పుడు

ఆయిల్ వేడెక్కేదాకా యాక్సిలరేటర్ మెల్లగా. చాలా ఫోక్స్‌వాగన్‌ల ఉష్ణోగ్రత ముల్లు కూలెంట్‌కు సంబంధించినది, అదీ 75 నుంచి 105 డిగ్రీల దాకా కదలకుండా 90 దగ్గరే నిలబడేలా అమర్చి ఉంటుంది. అది నిటారుగా ఉందని ధీమా పడకండి. డీజిల్ బండి ఆపేటప్పుడు ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ, ఐడిల్ కాస్త ఎక్కువగా ఉంటే డీపీఎఫ్ శుభ్రపడుతోంది, పది నిమిషాలు ఇంకా నడపండి.

ఎర్ర ఆయిల్ ప్రెజర్ లైటు, ఎర్ర కూలెంట్ లైటు వెలిగితే ఇల్లు ఇంకా కిలోమీటరే కదా అనుకోవద్దు. పక్కకు తీసి ఆపేయండి. పసుపు లైటుకు సాధారణంగా కొంత గడువుంటుంది, అయితే వెలుగుతూ ఆరుతూ ఉండే ఇంజన్ లైటు మిస్‌ఫైర్‌ది, దానికి ఆ గడువు లేదు. డిప్‌స్టిక్ లేని బీఎండబ్ల్యూల్లో ఆయిల్ లెవెల్‌ను మెనూలో నెలకోసారి చూసుకోండి. ఫోక్స్‌వాగన్ మాన్యువల్ ప్రకారం 1,000 కిలోమీటర్లకు అర లీటరు దాకా తాగడం మామూలే. అంటే 10,000కు 5 లీటర్లు. చూసుకోకపోతే సర్వీసుకు ముందే ఇంజన్ ఖాళీ.

9. ఉంచాలా, అమ్మాలా

పెద్ద బిల్లు వచ్చినప్పుడు దాన్ని బండి మార్కెట్ ధరతో పోల్చడం అలవాటు. దాన్ని ఇంకో బండి కొంటే మొదటి ఏడాది అయ్యే ఖర్చుతో పోల్చండి: పన్ను, రిజిస్ట్రేషన్, మళ్లీ అన్ని ద్రవాలూ, టైర్లు, తెలియని రోగాలు. గేర్‌బాక్స్ బాగుండి, తుప్పు లేకుండా ఉన్న బండికి ఒక పెద్ద రిపేరు చేయించడం తరచూ చవకే. ఏడాదిలో రెండోసారి, వేరే విభాగంలో పెద్ద బిల్లు వచ్చినా, నీళ్లు దిగి ఎలక్ట్రానిక్స్ పిచ్చెక్కినా వదిలించుకోండి.

అమ్మేటప్పుడు పార్టు నంబర్లున్న బిల్లుల ఫైలు, రెండో తాళం చెవి ఇవ్వండి, ధరలో తేడా వస్తుంది. కంపెనీ యాప్‌లో ఆ బండిని మీ ఖాతా నుంచి తొలగించడం, లోపల మిగిలిన ఫోన్ కాంటాక్టులు చెరపడం మర్చిపోవద్దు.